వంగ విత్తనాల ప్యాకెట్టుపై ముద్రించిన తప్పుడు హామీ గురించి ఫిర్యాదు

గుంటూరు,
2024 సెప్టెంబరు 9.

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: "ఏ వాతావరణంలోనైనా, ఏడాది పొడవునా, 60 రోజుల్లో కాపు" అని ముద్రించిన మీ హైబ్రిడ్ వంగ విత్తనాల గురించి, వాటిని ఊటీలో పెంచుకోవచ్చని మీ ప్రతినిధి ఇచ్చిన సలహా గురించి.

అయ్యా,

నేను గుంటూరు బ్రాడీపేట నివాసిని. 31 సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. గత జనవరి మూడో వారంలో ఇక్కడి విత్తనాల కొట్లో మీ కంపెనీ గుత్తి వంకాయ రకం ప్యాకెట్లు రెండు, ఒక్కొక్కటి 85 రూపాయల చొప్పున కొన్నాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా ఊటీలో ఉంటున్నారు. మనవరాలిని చూసుకోవడానికి ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు నేను అక్కడే ఉండవలసి వచ్చింది. ఊటీలో వంకాయలు దొరకవని కాదు. కింద మేట్టుపాళయం నుంచి వస్తాయి, కానీ గుత్తి వంకాయ కూరకు కావలసినంత లేతగా, తొడిమ పచ్చగా ఉన్న కాయ మాకు ఒక్కసారి కూడా దొరకలేదు. అందుకే కుండీల్లో పెంచుదామనుకున్నాను.

వంగ వేడి కోరే పంట అని తెలిసినదాన్ని గనుక, కొనే ముందే ప్యాకెట్టు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉందని, నడివేసవిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీల దాకా దిగుతుందని, వానాకాలంలో పగలు సైతం 18 డిగ్రీలు దాటడం కష్టమని స్పష్టంగా చెప్పి, ఈ రకం అక్కడ కాస్తుందా అని అడిగాను. మీ ప్రతినిధి క్షణం కూడా ఆలోచించకుండా "మా హైబ్రిడ్‌కు చలీ ఎండా తేడా లేదు మేడం" అని చెప్పి, పైగా 1,290 రూపాయల పెరటి సాగు కిట్టు కూడా అంటగట్టారు.

ఒక విషయం ముందే స్పష్టం చేస్తున్నాను. మీ విత్తనాలు నాసిరకమని నేను అనడం లేదు. అదే లాట్ నంబరున్న రెండో ప్యాకెట్టును మా ఆడపడుచుకు ఇచ్చాను. ఆమె ఫిబ్రవరి మొదటి వారంలో మా డాబా మీదే 30 గింజలు వేస్తే ఆరో రోజుకే మొలకలు కనబడి, మొత్తం 26 మొలిచాయి. వంగకు నిర్దేశించిన కనీస మొలక శాతం 70 కాగా ఇది అంతకంటే చాలా ఎక్కువే. మార్చి మధ్యలో నాటిన నారు మే రెండో వారానికి కోతకు వచ్చింది. ఆ తర్వాత ఎండలు 42 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆమె మొక్కలకూ పూత రాలిపోయింది, జూన్ వానలు పడ్డాకే మళ్ళీ పిందె నిలిచింది. అంటే "ఏడాది పొడవునా" అన్న మాట మన గుంటూరులోనే నిలబడలేదు. ఇక ఊటీ సంగతి చెప్పనక్కరలేదు గాని, చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

అదే వారంలో ఊటీలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపిన ట్రేలో 30 గింజలు వేశాను. మూడు వారాలు గడిచినా ఒక్కటీ మొలవలేదు. వంగ గింజ చురుగ్గా మొలవాలంటే మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, 15కు దిగువన అది దాదాపు నిద్రలోనే ఉంటుంది. చివరికి ట్రేను మా అల్లుడి వైఫై పెట్టె మీద పెట్టాను. నవ్వుకున్నా సరే, ఆ కాస్త వెచ్చదనానికే తొమ్మిది రోజుల్లో 14 మొలకలు వచ్చాయి. మీ కిట్టులో ఉన్నవన్నీ పొడులు, సీసాలే గాని, విత్తనానికి అసలు కావలసింది అడుగు నుంచి వేడి అని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. చల్లటి తడిలో నారుకుళ్ళు తెగులు సోకి వాటిలో ఆరు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. ఫోన్ చేస్తే నీళ్ళు ఎక్కువ పోశానన్నారు. పోశానేమో, కానీ ఎండే లేని చోట తడి ఆరేదెలా?

మిగిలిన ఎనిమిది మొక్కలను ఏప్రిల్‌లో నల్లటి గ్రో బ్యాగుల్లోకి మార్చాను. నెల రోజులు అవి ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయి, ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరిగింది. మట్టి చల్లబడినప్పుడు వేళ్ళు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవని, అప్పుడు ఆకులకు ఈ రంగు వస్తుందని నేను పిల్లలకు చెప్పిన పాఠమే. మీ ప్రతినిధి మాత్రం పోషకాలు చాలలేదని చెప్పి, ఒక్కొక్కటి 340 రూపాయల చొప్పున ఎదుగుదల మందు రెండు సీసాలు పంపించారు. మట్టిలో ఉన్నదాన్నే తీసుకోలేని వేరుకు ఇంకా పోస్తే ప్రయోజనమేముంటుంది? అదే ఊటీలో, అదే కుటుంబానికి చెందిన బంగాళదుంప ఏపుగా పెరుగుతోంది కదా అని మీవారు వాదించారు కూడా. బంగాళదుంప ఆండీస్ కొండల చలిలో పుట్టిన పంట, వంగ మన ఉష్ణదేశాల పంట. చుట్టరికం ఒక్కటైనంత మాత్రాన గుణం ఒక్కటి కాదు.

పూత జూన్ చివర్లో వచ్చింది. నా ఫిర్యాదుకు మూలం ఈ దశలోనే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. వంగపువ్వు తనంతట తానే పరాగసంపర్కం జరుపుకోగలదు, కానీ దాని పుప్పొడి తిత్తులు కొసన ఉన్న చిన్న రంధ్రాల గుండానే తెరుచుకుంటాయి. గాలికో తుమ్మెద ఝంకారానికో పువ్వు అదిరితే పొడి కీలాగ్రం మీద, అంటే పువ్వు నడుమ నిలిచే సన్నని కాడ (కీలం) కొస మీద, రాలాలి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగువన ఉంటే పుప్పొడి సరిగా తయారు కాదు, తయారైనది కూడా మంచుతేమకు ముద్దకడుతుంది. నేను భూతద్దం పెట్టి చూస్తే, వేలితో తట్టినా నల్ల కాగితం మీద పొడి రాలలేదు. చాలా పువ్వుల్లో కీలం పొట్టిగా, కేసరాల లోపలే ఉండిపోయింది. అలాంటి పొట్టి కీలం పువ్వులు పిందె కట్టడం అరుదు. లెక్కపెట్టిన 41 పువ్వుల్లో ఒక్కటీ నిలవక, తొడిమ పసుపుబారి రాలిపోయాయి.

జూలైలో మా అల్లుడు పాలిథిన్ పట్టాతో చిన్న గుడారం కట్టి రెండు మొక్కలను అందులోకి చేర్చాడు. మధ్యాహ్నం లోపల వెచ్చబడిన వేళ ప్రతి పువ్వునూ నేను మెల్లగా తట్టేదాన్ని. ఆగస్టు నాటికి నిమ్మకాయంత కాయలు రెండు వచ్చాయి. మొత్తం ఆరు నెలల కాపు అదే. గుత్తి వంకాయ కూరకు రెండు కాయలేమిటని అమ్మాయి వాటిని పప్పులో వేసింది.

చలి ప్రాంతాల్లో వంగ అసాధ్యమని కూడా నేను అనను. ఇంగ్లండులో ఇంటి తోటలవాళ్ళు ఫిబ్రవరిలో వేడి పలకల మీద నారు పోసి, గాజు ఇళ్ళలో పెంచి, మొక్క అడుగు ఎత్తు కాగానే చిగురు తుంచి, పెద్ద కాయ రకాలైతే మొక్కకు ఐదారు కాయలు మాత్రమే ఉంచుకుంటారు. త్వరగా కాపుకు వచ్చే చిన్న కాయ రకాలు ఎంచుకుంటే ఇంకా నయం. నేల నుంచి సోకే తెగుళ్ళను తట్టుకోవడానికి, వంగకు చుట్టమైన ఉస్తి మొక్క వేరు మీద వంగ అంటు కట్టే పద్ధతీ ఉంది. ఇవన్నీ శ్రమ, ఖర్చు. ఆ సంగతి కొనేవాడికి ముందే తెలియాలి. మీ ప్యాకెట్టు మీద ఉష్ణోగ్రతకు సంబంధించిన అంకె ఒక్కటి కూడా లేదు, "60 రోజులు" అన్నది గింజ వేసినప్పటి నుంచా, నారు నాటినప్పటి నుంచా అన్నది కూడా లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న లాం ఫారం మా ఊరికి దగ్గరే. అక్కడ అడిగి రాసినా ఈ మాట ప్యాకెట్టు మీదకు ఎక్కేది కాదు.

నేను కోరేవి ఇవి. నా ప్రశ్నకు తప్పు సమాధానం చెప్పి అమ్మిన కిట్టు, ఎదుగుదల మందులు, విత్తనాల సొమ్ము మొత్తం 2,140 రూపాయలు తిరిగి చెల్లించండి. "ఏ వాతావరణంలోనైనా" అన్న మాటను ప్యాకెట్టు నుంచి తీసివేసి, మొలకకు, పూతకు కావలసిన కనీస ఉష్ణోగ్రతలను, నారు నాటిన తర్వాత కాపుకు పట్టే రోజులను తెలుగులో ముద్రించండి. ఫోన్‌లో సలహా చెప్పే సిబ్బందికి ముందుగా ఆ ప్యాకెట్టు చదివించండి. నాకు పోయింది ఒక కూర, ఆరు నెలల ఓపిక. కానీ అరకు, లంబసింగి వైపు ఇదే మాట నమ్మి శీతకాలానికి అర ఎకరం వేసే రైతుకు పోయేది పెట్టుబడి. అందువల్ల రెండో కోరికను సొమ్ము కంటే ముఖ్యమైనదిగా పరిగణించాలని మనవి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనగా దీన్ని గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంచుతాను. రసీదులు, ఖాళీ ప్యాకెట్లు, ఫోన్ చేసిన తేదీల పట్టిక, రెండు ఊళ్ళలోని మొక్కల ఫొటోలు జతచేశాను. పొట్టి కీలం పువ్వు ఒకటి ఎండబెట్టి కాగితం మడతలో పెట్టి పంపుతున్నాను. దాన్ని మీ సాంకేతిక విభాగం వారికి చూపించగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు.