సోమవారం నుంచి డబ్బాలు ఉండవు, చారు ఉంటుంది

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో మీటింగ్ ఉన్నప్పుడల్లా మా దగ్గరే భోజనం చెప్పే వాళ్లందరికీ ఈ మాట. వచ్చే సోమవారం నుంచి మీటింగ్ లంచ్‌లు అట్ట డబ్బాల్లో రావు. స్టీలు గిన్నెల్లో వస్తాయి, మా మనిషి వచ్చి వడ్డించి గిన్నెలు తీసుకెళ్తాడు. ప్లేటుకు 20 రూపాయలు పెరుగుతుంది. పదిహేను మందికి తక్కువైతే మనిషిని పంపలేం, క్యారేజీలు ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తాం.

సంగతేంటంటే, 2022 జూలై 1న ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, ట్రేలు నిషేధించినప్పుడు మేం చెరకు పిప్పితో చేసిన, అరలున్న అట్ట డబ్బాలకు మారాం. ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. మొన్న దిగిన లోడు మాత్రం చూడ్డానికి అదే డబ్బా, బరువు పెడితే అప్పడం. ఆ డబ్బాలే ఒక ఆఫీసులో రివ్యూ మీటింగ్‌కు వెళ్లాయి, చారు టేబుల్ మీద పారి ప్రింటవుట్ల కిందికి చేరింది. తర్వాత అదే కట్టలోంచి ఒకటి తీసి వేడి చారు పోసి గట్టు మీద పెట్టి చూశాను. కిలో వంకాయలు తరగడం పూర్తయ్యేలోపు అడుగంతా మెత్తబడి తడి బయటికొచ్చేసింది. మూత ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది. ముందు మాకు చూపించిన శాంపిల్ వేరు, దింపిన సరుకు వేరు.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే ‘అందరూ ఇవే తీసుకుంటున్నారు మేడం, ఎవరూ కంప్లయింట్ చేయలేదు’ అన్నాడు. సరుకు వెనక్కి తీసుకోమంటే బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైను చదివి వినిపించాడు. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. ‘అయినా మీటింగ్‌కు చారు ఎవరు పంపుతారు మేడం, మీరు తప్ప?’ అన్నాడు. అంటే తప్పు డబ్బాది కాదు, చారుది అన్నమాట! ఇన్నేళ్లుగా అతని దగ్గరే కొంటున్నాను, ఇక కొనను.

చారు ఒలికిన ఆఫీసు మేడం ఒక్క మాట తిట్టలేదు. ‘ఈసారి ఫ్రైడ్ రైస్, మంచూరియా పెట్టేయండి, ఏ టెన్షనూ ఉండదు’ అన్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది. ఎందుకంటే లెక్క ప్రకారం ఆవిడ చెప్పిందే నిజం. మా ఆయన కాగితం మీద వేసి మరీ చూపించారు. ఫ్రైడ్ రైస్ అయితే ఒక్క గిన్నె, ఒక్క గరిటె, ఒలికేది లేదు, కూర తరిగే పని సగానికి సగం తగ్గుతుంది. స్టీలైతే గిన్నెలు కొనాలి, కడగాలి, ఆటో రెండుసార్లు తిరగాలి, వడ్డించే కుర్రాడికి జీతం ఇవ్వాలి. పోనీ చారు ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి సీల్ వేద్దామా అంటే, మరిగే చారు ప్లాస్టిక్‌లో పోయడానికి నాకు చేయి రాలేదు. చాలా ఊగిసలాడాను. చివరికి నా మొండితనమే గెలిచింది, అలాగే అనుకోండి. పొద్దుట్నుంచి ఏసీ గదిలో స్లైడ్లు చూస్తూ కూర్చున్న మనిషికి పప్పన్నం, వేడి చారు, చివర్లో పెరుగు పెడితే మొహం ఎలా విప్పారుతుందో వడ్డించే వాళ్లకు తెలుసు. సోయా సాస్ వేసిన అన్నం తినిపించి, మూడింటికి అందరూ ఆవలిస్తుంటే చూడాలని నాకు లేదు.

ఇంకో విషయం. పన్నెండున్నరకు లంచ్ అని రాసిన ఏ మీటింగూ పన్నెండున్నరకు ఆగదు. ఒంటిగంటన్నరకు తినే భోజనం గంట ముందే వచ్చి చల్లారుతూ ఉంటే మీకూ బాగోదు, నాకూ నచ్చదు. వండిన వేడి పదార్థం 60 డిగ్రీల పైనే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అట్ట డబ్బాలో అది కుదిరే పని కాదు. అన్నం, పప్పు, చారు ఇప్పుడు హాట్‌ప్యాక్‌లలో వస్తాయి. పులిహోర చల్లారినా బాగానే ఉంటుంది కాబట్టి దాని గురించి దిగులు లేదు. దద్దోజనంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలుపుతాం, మీరు తినే వేళకు పుల్లబడదు. వడియాలు విడిగా కాగితం పొట్లంలో వస్తాయి, ఆవిరి తగిలితే మెత్తబడిపోతాయి. చపాతీలు మాత్రం అరగంటలో తింటామంటేనే పంపుతాం. ఎముకలున్న చికెన్, చేపలు మీటింగ్‌కు వద్దు. పక్కన క్లయింటు కూర్చుంటే ముల్లు తీసుకుంటూ మాట్లాడటం కష్టం, పైగా మూసిన గదిలో చేపల వాసన సాయంత్రం దాకా పోదు.

మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. మీటింగ్ టైము కాదు, నిజంగా తినే టైము చెప్పండి. ల్యాప్‌టాప్‌లు లేని ఒక బల్ల ఇవ్వండి, గది బయట వరండాలో అయినా పర్వాలేదు. ఉల్లి, వెల్లుల్లి తినని జైనులు, శనివారం నీచు ముట్టని వాళ్లు ఉంటే సంఖ్య ముందే చెప్పండి, వాళ్లకు గిన్నెలూ గరిటెలూ వేరుగా వస్తాయి. కూర్చుని తినడానికి ఇరవై నిమిషాలు కూడా లేవు, స్క్రీన్ చూస్తూ తినాల్సిందే అంటే పులిహోర, దద్దోజనం, వేపుడు పెట్టి చిన్న స్టీలు డబ్బాలు ఇస్తాం. అందులో చారు ఉండదు, అది వేరే సంగతి.

ఈ వారం భోజనాలకు ఇప్పటికే ఆర్డర్ ఇచ్చిన వాళ్లకు కూడా పప్పు, చారు స్టీలు గిన్నెల్లోనే వస్తాయి, పాత రేటుకే. సోమవారం భోజనాలకు శనివారం మధ్యాహ్నం లోపు చెప్పండి, ఆదివారం వంటగది మూసేస్తాం. మిగిలిపోయిన డబ్బాలు పారేయడం లేదు, సాయంత్రం మీటింగులకు పకోడీ అందులోనే వస్తుంది. ఫ్రైడ్ రైసే కావాలనుకునే వాళ్లు మీ వీధి చివర చెప్పుకోండి, నేనేమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.