వార్షిక నివేదిక 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది రెండుసార్లు అనుకున్న ఆకాశ వీక్షణం మబ్బుల వల్ల జరగలేదు. పాఠశాలల్లో సైన్స్ తరగతులు ఎప్పటిలాగే నడిచాయి. కానీ ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు శ్రీకాకుళంలో పెట్టిన ప్రదర్శన గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

2024 మే 10, 11 తేదీల సౌర తుఫానుకు లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు చూసినప్పటి నుంచి మన ముగ్గురు డిగ్రీ విద్యార్థులు దాని వెంటే పడ్డారు. సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం, అంటే సౌర పవనం, భూమి అయస్కాంత గోళాన్ని (భూమి చుట్టూ దాని అయస్కాంత క్షేత్రం ఏలే ప్రాంతాన్ని) తాకితే ఏమవుతుందో అరువు తెచ్చిన లాప్‌టాప్‌లో లెక్కకట్టి బొమ్మగా చూపే సిమ్యులేషన్ చేశారు. పొడవు, వెడల్పు మాత్రమే ఉన్న (2డి) సాదా నమూనాయే, అయినా ఒక్కో పరుగుకు రాత్రంతా పట్టేది.

నాగావళి నీళ్లు వంతెన స్తంభాన్ని చుట్టుకుపోయే ఫొటోతో మొదలుపెట్టారు. స్తంభానికి ముందు నీరు ఎగదన్నుతుంది, వెనక తోకలా సాగుతుంది. సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌర పవనం కూడా భూమి ముందు అలాగే మందగించి, సుమారు 10 భూవ్యాసార్ధాల దూరంలోని హద్దు దగ్గర పక్కకు తిరుగుతుంది. తెర మీద వేగం రెట్టింపు చేశారు. ఒత్తిడి 4 రెట్లయినా హద్దు 8 భూవ్యాసార్ధాల దాకానే లోపలికి జరిగింది. లోపలికి వచ్చేకొద్దీ భూమి క్షేత్రం అంతగా బలపడుతుంది మరి.

తర్వాత వేగం ముట్టుకోకుండా, పవనంతో వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని దక్షిణానికి తిప్పారు. హద్దు దగ్గర భూమి అయస్కాంత రేఖలు తెగి, సూర్యుడి నుంచి వచ్చిన రేఖలతో అతుక్కుని, వెనక తోకలోకి కొట్టుకుపోయాయి. తలుపు తీసినట్టే శక్తి లోపలికి చేరింది. మే తుఫానును అంత పెద్దది చేసిందీ ఈ దక్షిణపు తిరుగుడే. కళింగపట్నం నుంచి వచ్చిన మత్స్యకారుడొకరు ‘మా జీపీఎస్ కూడా తప్పుతుందా?’ అని అడిగారు. తప్పొచ్చని పిల్లలు కారణంతో సహా చెప్పారు. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన సూర్య పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1ను దాటాక ఈ పవనం భూమిని చేరడానికి సుమారు గంట పడుతుందని, క్షేత్రం ఎటు తిరిగి ఉందో కొలిచి హెచ్చరించడానికి దొరికే సమయం మహా అయితే అంతేనని కూడా వివరించారు.

హాలు ఇచ్చినవారికి, టిఫిన్లు పంపిన మహిళా సభ్యులకు, రాత్రిళ్లు పిల్లలను పంపిన తల్లిదండ్రులకు ధన్యవాదాలు. పేర్లిచ్చిన 20 మంది వాలంటీర్లలో వచ్చింది నలుగురే. కుర్చీలు కూడా ఆ విద్యార్థులే మోశారు. ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి కోసం గంటన్నర ఆగాం, ఫోన్ కూడా ఎత్తలేదు. ఇది చాలా బాధ కలిగించింది.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో జత చేశాం. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టగలరు. పిల్లలకు సొంత లాప్‌టాప్ కొనే తీర్మానాన్ని ఈ సభ ఆమోదించాలని కోరుతున్నాను.

కార్యదర్శి