మీరు లోకలా?

పర్లాకిమిడి,
ఆగస్టు నెల

ఒరే బావా,

నీ ఉత్తరం అంది నెల దాటింది. పని ఎక్కువైందని సాకు చెప్పను. ఒక మాట మనసులో గుచ్చుకుని ఉంది, అది తేలకుండా మామూలు కబుర్లు రాయడానికి చెయ్యి రాలేదు. ఈ మధ్యాహ్నం వాన పట్టుకుంది, కొట్టుకి ఎవరూ రావట్లేదు. అందుకే కూర్చున్నాను.

మొన్న సెలవులకి అమ్మాయి భువనేశ్వర్ నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ విశాఖ పిల్లలు. నేను గుమ్మంలోకెళ్ళి "ఇంత ఆలిస్యమైపోనాదేటమ్మా, దార్లో ఏటైనా తిన్నారా?" అన్నాను. లోపలికొచ్చాక అమ్మాయి నన్ను వంటింట్లోకి పిలిచి, "నాన్నా, వాళ్ళ ముందు అంత లోకల్‌గా మాట్లాడకు, ప్లీజ్" అంది. కోపంగా అనలేదురా, బతిమాలుతున్నట్టు అంది. నేను సరేనని, ఆ రెండు రోజులూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాను. వాళ్ళు వెళ్ళాక రాత్రి నిద్ర పట్టలేదు.

లోకల్ అంటే ఏమిటి? ఈ చోటుది అని. అంతే కదా! లాటిన్‌లో లోకస్ అంటే చోటు. (మన లోకానికీ దానికీ చుట్టరికం లేదు, వినడానికి దగ్గరగా ఉంటాయంతే.) పధ్నాలుగో శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది ఎక్కువగా వైద్యుల మాట. ఒంట్లో ఒక్క చోటే ఉన్న జబ్బుని అలా అనేవారు. ఆ అర్థం ఇప్పటికీ పోలేదు. అమ్మకి పన్ను తీసేటప్పుడు డాక్టరు "లోకల్ ఇస్తాం, నొప్పి తెలీదు" అన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "డబ్బులెక్కువైనా పర్లేదు, కంపెనీది ఇమ్మను" అంది. ఆవిడ తప్పేం లేదు. మా కొట్టులో ఆ మాట ఎలా వాడతామో ఆవిడ ముప్పై ఏళ్ళుగా వింటోంది. స్విచ్చులు అడిగినా, ఫ్యాన్ అడిగినా నేను వేసే మొదటి ప్రశ్న "కంపెనీదా, లోకలా?" అనే కదా. లోకల్ అంటే చవక, గ్యారంటీ లేదు, ఆర్నెల్లకి కాలిపోతుంది. విచిత్రమేమిటంటే అందులో ఒక్కటీ మన ఊళ్ళో చేసింది కాదు, ఎక్కడో దూరాన తయారై లారీలో వస్తుంది. పేరు లేని సరుక్కల్లా ఆ మాటే అంటుకుంది.

ఇంగ్లండ్‌లో మాత్రం ఇంటి దగ్గర్లోని పబ్‌ని ప్రేమగా "మా లోకల్" అంటారు. ముంబయిలో లోకల్ అంటే రైలు, దాని వేళల్ని బట్టే అక్కడివాళ్ళ రోజు నడుస్తుంది. మనవైపుకి వచ్చేసరికి "లోకల్ బ్యాచ్", "లోకల్ గొడవలు". మనిషిని అంటే మొరటువాడని, మాటని అంటే నాగరికం లేనిదని. ఇది ఎప్పుడు ఇలా జారిందో గానీ, జారింది.

నీకు గుర్తుందా, ఇంటర్ అయ్యాక ఇద్దరం కలిసి కాలేజీ ఫారాలు నింపాం? మీ పాతపట్నం నుంచి మా ఇంటికి నువ్వు సైకిల్ మీద వచ్చేవాడివి. ఇద్దరం మహేంద్రతనయ ఏట్లో ఈత నేర్చుకున్నవాళ్ళమే. కానీ మీ ఊరు ఆంధ్రలో, మా ఊరు ఒరిస్సాలో. అందుకే నీ ఫారంలో లోకల్, నా ఫారంలో నాన్ లోకల్. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. వెనకబడ్డ ప్రాంతాల పిల్లలకి అన్యాయం జరక్కూడదని పెట్టిన నియమమది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ కౌంటర్ దగ్గర గుమాస్తా నా సర్టిఫికెట్లు చూసి "ఒరిస్సా వాడివా, మరి తెలుగెలా వచ్చు?" అన్నప్పుడు నాకు జవాబు దొరకలేదు. ఇక్కడ మా వీధిలో కొత్తగా దిగిన ఆఫీసర్లేమో మా మాట విని "ఆప్ లోకల్ హై?" అని అడుగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు వెళ్ళింది. మా తాతగారు అప్పటికే ఈ ఇంట్లో ఉన్నారు. ఇల్లు కదల్లేదు, ప్రశ్నలే మారాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇవన్నీ తిప్పుకుంటుంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఆయన పాఠాలు చెప్పింది మా ఊరి బళ్ళోనే కదా. ఇక్కడి కొండల్లో సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించారు. మనుషులు మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడితే, పండితులు ఆ తెలుగుని ఏమన్నారో చూడు: గ్రామ్యం! ఆ మాటకి అసలు అర్థం గ్రామానికి చెందినది అనే. అది నీచమైనదిగా, రాయకూడనిదిగా మారింది. లోకల్‌కి ఇంగ్లీషు అక్షరాల్లో జరిగింది, గ్రామ్యానికి సంస్కృతంలో ఎప్పుడో జరిగిపోయింది. ఈ నెల 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవమని అందరూ జరుపుకుంటారు. ఆయన మాట్లాడిన వీధుల్లోనే నా కూతురు నా తెలుగుకి సిగ్గుపడింది. దాని మీద కోపం లేదురా. ఎక్కడో ఎవరో దాని తెలుగుని అలాగే అని ఉంటారు, లేకపోతే ఆ భయం ఎలా వస్తుంది?

మళ్ళీ ఇంకోటి చూడు. నాటు మనిషి అంటే తిట్టు. నాటుకోడి అంటే బ్రాయిలర్ కన్నా ఎంత ఎక్కువైనా ఇచ్చి కొంటాం. ఇక్కడ ఒడియావాళ్ళు "దేశీ కుకుడా" అని అడిగి మరీ తీసుకుంటారు. 2020లో ప్రధాని "వోకల్ ఫర్ లోకల్" అన్నాక ఆ మాటకి మర్యాద వచ్చిందని అనుకున్నాను. అది సరుకుల దాకా వచ్చింది, మన యాస దాకా రాలేదు.

నేను అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "నాకు బాధ కలిగింది తల్లీ, అది మీ నాన్నమ్మ మాట, నాకు వచ్చింది ఆ ఒక్క తెలుగే" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "హాస్టల్లో నన్ను కూడా నవ్వారు నాన్నా" అంది. ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం. కొట్టులో మాత్రం ఆ ప్రశ్న మానేశాను. కంపెనీ పేరుందా, లేదా అని చెప్తున్నాను. నోరు అలవాటు తప్పడానికి టైం పడుతోంది.

మొన్న పాతపట్నం వెళ్ళి మీ అమ్మగారిని చూసొచ్చాను. మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. వచ్చేటప్పుడు కొంగున కట్టుకున్న నాటు చిక్కుడు గింజలు తీసి నా చేతిలో పోసింది. పెరట్లో పాదు పెట్టాను, రెండు ఆకులు వేసింది. సంక్రాంతికి నువ్వొచ్చేసరికి కాపు మీద ఉంటుంది.

నీ
బావ