వేసవి సెలవుల్లో మన ఊరి గ్రంథాలయం: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారములు.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఈ సెలవుల్లో మన పాఠశాల విద్యార్థుల కోసం మన ఊరి గ్రంథాలయం తన పఠన మందిరాన్ని ఆదివారం తప్ప ప్రతిరోజూ ఉదయం 7 గంటల నుంచి 10 గంటల వరకు తెరిచి ఉంచడానికి అంగీకరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. 1వ తరగతి నుంచి 9వ తరగతి వరకు ఎవరైనా రావచ్చు. రుసుము ఏమీ లేదు. ప్రతి విద్యార్థికీ ఒక సభ్యత్వ కార్డు ఇస్తారు. దానిమీద వారానికి రెండు పుస్తకాలు ఇంటికి తీసుకువెళ్ళవచ్చు.

ఇది ట్యూషన్ కాదని, వచ్చే తరగతి పాఠాలు ముందుగా చెప్పే ఏర్పాటు అంతకన్నా కాదని మొదటే మనవి చేస్తున్నాను. పిల్లలు తమకు నచ్చిన పుస్తకాన్ని తామే ఎంచుకుని, సంతోషంగా చదువుకోవడానికే ఈ కార్యక్రమం. ఒడిశాలోని మన పర్లాకిమిడిలో, చుట్టుపక్కల గ్రామాల్లో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో ఒడియా మాట్లాడతారు, ఫోనులో ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలే చూస్తారు. దుకాణాల బోర్డులు, బస్సుల మీది పేర్లు, కార్యాలయాల దరఖాస్తులు దాదాపు అన్నీ ఒడియాలోనే ఉంటాయి. అందువల్ల చాలామంది పిల్లలకు తెలుగు అక్షరం కనిపించేది పాఠ్యపుస్తకంలో మాత్రమే, ఆ పుస్తకం కూడా సెలవుల్లో సంచిలోనే ఉండిపోతుంది. గుణింతాలు పట్టుబడి ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్న రెండు, మూడు తరగతుల పిల్లలకు ఈ విరామం బాగా నష్టం చేస్తుంది. ఏప్రిల్‌లో ఒక వాక్యాన్ని ఆగకుండా చదివిన పిల్లలు జూన్ నడుమ వచ్చే రజ పండుగ తరువాత బడి తెరిచేసరికి మళ్ళీ అక్షరం అక్షరం కూడబలుక్కోవడం మా ఉపాధ్యాయులు ఏటా చూస్తున్నారు.

అయినా ఆ నష్టాన్ని పూడ్చడానికని చెప్పి పిల్లల చేత బలవంతంగా చదివించవద్దని కోరుతున్నాను. ఈ కార్యక్రమంలో పరీక్ష ఉండదు, ప్రశ్నలకు జవాబులు రాయించడం ఉండదు, ఎన్ని పుస్తకాలు చదివారో లెక్కపెట్టి బహుమతులు ఇవ్వడం కూడా ఉండదు. బహుమతి ఉంటే పిల్లలు ఉత్సాహంగా చదువుతారని కొందరు తల్లిదండ్రులు సదుద్దేశంతోనే సూచించారు. కానీ లెక్క మొదలైతే పిల్లల దృష్టి కథ మీద నుంచి అంకె మీదికి పోతుంది. పలుచని పుస్తకాలు వెతుక్కుంటారు, పుటలు తిప్పేసి చదివామని చెబుతారు, నిదానంగా చదివే పిల్లలు తాము వెనకబడ్డామని చిన్నబుచ్చుకుంటారు. ఏడవ తరగతి విద్యార్థి బొమ్మల పుస్తకం తీసుకున్నా, ఒకే కథను నాలుగోసారి చదువుతున్నా, సగం చదివిన పుస్తకం నచ్చక తిరిగి ఇచ్చేసినా దయచేసి మందలించవద్దు. చదివిన కథనే మళ్ళీ చదివే పిల్లలకు అందులోని మాటలు, వాక్యాలు తెలియకుండానే నోటికి వస్తాయి. నచ్చని పుస్తకాన్ని పక్కన పెట్టే స్వేచ్ఛ ఉన్నప్పుడే పిల్లలు ధైర్యంగా మరో పుస్తకం తీస్తారు.

తగిన పుస్తకాన్ని ఎంచుకోవడం తెలియని పిల్లలకు ఒక సులువైన పద్ధతి నేర్పండి. పుస్తకం మధ్యలో ఏదైనా ఒక పుట తెరిచి చదువుతూ, అర్థం తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. ఆ పుట పూర్తయ్యేలోగా ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి కొంచెం కష్టం. దానిని మీరు చదివి వినిపించవచ్చు, లేదా మరికొన్నాళ్ళు ఆగవచ్చు. ఒకటి రెండు వేళ్ళే ముడిస్తే ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకోదగినది.

గ్రంథాలయంలో ఉదయం మొదటి అరగంట ఒక పెద్దవారు కథ చదివి వినిపిస్తారు. ఆ తరువాత ఎవరి పుస్తకం వారిదే. వారంలో రెండు రోజులు ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు ఒకటి, రెండు తరగతుల పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. తరగతిలో గట్టిగా చదవడానికి సిగ్గుపడే పెద్ద పిల్లలు కూడా తమ్ముళ్ళ, చెల్లెళ్ళ ఎదుట ఏ జంకూ లేకుండా చదవడం మేము గమనించాం కాబట్టి, ఈ భాగం మీద నాకు ప్రత్యేకమైన ఆశ ఉంది. శనివారాల్లో గోడపత్రిక తయారు చేస్తారు. అమ్మమ్మలు, తాతయ్యలు చెప్పిన పొడుపు కథలను, సామెతలను, పాటలను పిల్లలు నోటు పుస్తకంలో రాసుకువస్తే వాటిలో కొన్నింటిని అందంగా రాసి గోడకు అతికిస్తారు. చినిగిన పుస్తకాలకు జిగురు పెట్టి అట్టలు వేయడం, కొత్త పుస్తకాలను రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయడం, తిరిగి ఇవ్వవలసిన తేదీని చీటీ మీద రాయడం వంటి పనులు కూడా పెద్ద పిల్లలకు నేర్పుతారు. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో ప్రతి పాఠకునికీ అతని పుస్తకం అందాలన్నది ఒకటి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది మరొకటి. బీరువాలో పుస్తకాలు సర్దే విద్యార్థికి ప్రతి పుస్తకానికీ పాఠకుడు దొరకాలన్న ఆ సూత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఎవరూ తీయని పుస్తకం కనబడితే దానిని తోటి పిల్లలకు పరిచయం చేసే పని వారికే అప్పగిస్తున్నాం.

ఒడియా మాధ్యమంలో చదువుకున్న తల్లిదండ్రులకు ఒక ప్రత్యేక విన్నపం. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతూ కూడా తెలుగు చదవడం రాదని కొందరు సంకోచంతో మాకు చెబుతుంటారు. అందులో సంకోచపడవలసింది ఏమీ లేదు, మీ పిల్లల చదువుకు అది అడ్డంకి కానే కాదు. రోజూ పది నిమిషాలు వారిని పక్కన కూర్చోబెట్టుకుని, గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలో ఒక పుట చదివి వినిపించమని అడగండి. తప్పు దిద్దకపోయినా ఫరవాలేదు, శ్రద్ధగా వింటే చాలు. తరువాత ఏం జరిగిందని అడిగితే ఇంకా మంచిది. మీరూ నేర్చుకోవాలనుకుంటే దారి పెద్ద కష్టమేమీ కాదు. ఒడియా, తెలుగు లిపులు రెండూ బ్రాహ్మీ నుంచే పుట్టాయి, అచ్చులు, హల్లులు రెండింటిలోనూ దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి. ఆ వరుస మీకు ఎలాగూ కంఠస్థం. అక్షరాల ఆకారాలు మీ పిల్లల చేతే దిద్దించుకోవచ్చు. అమ్మకో నాన్నకో అక్షరాలు నేర్పే పిల్లలు ఎంత గర్వంగా బడికి వస్తారో మాకు తెలుసు.

మన పాఠశాలలో సవర గిరిజన కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. వారి ఇళ్ళలో మాట్లాడే భాషకు గ్రంథాలయంలో చోటు లేకపోతే అది మన ఊరికి తగినది కాదు. గిడుగు వేంకట రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలు తమ సొంత భాషలో చదువుకోవాలని పుస్తకాలు తయారు చేసి, తన ఖర్చుతో బడులు నడిపారు. ఆయన కూర్చిన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కాబట్టి, ఆయన చేసిన ఈ పనిని కూడా అంతే శ్రద్ధగా ముందుకు తీసుకుపోవాలి. సవర కథలు చెప్పగల తల్లిదండ్రులు, పెద్దలు ఎవరైనా వారంలో ఒక ఉదయం గ్రంథాలయానికి వస్తే, ఆ కథలను పిల్లల చేత రాయించి గోడపత్రికలో చేరుస్తాం.

సెలవులకు పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపు బంధువుల ఇళ్ళకు వెళ్ళేవారు గ్రంథాలయ పుస్తకాలను వెంట తీసుకువెళ్ళవచ్చు, ముందుగా చెబితే గడువు పొడిగిస్తారు. అక్కడ జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు ఉన్నాయి, వేసవిలో పిల్లల కోసం శిబిరాలు కూడా జరుపుతుంటారు, దయచేసి విచారించండి. ఫోను తప్పనిసరిగా పిల్లల చేతికి ఇవ్వవలసి వస్తే, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు, ఒడియా కథల పుస్తకాలు బొమ్మలతో సహా ఉచితంగా దొరుకుతాయి. పుస్తకాన్ని చేతితో పట్టుకుని చదివే అలవాటుకు అది తోడుగా ఉండాలి కానీ బదులుగా కాదని నా అభిప్రాయం.

ఎండలు తీవ్రంగా ఉంటాయి కాబట్టి పిల్లలకు టోపీ లేదా గొడుగు, నీళ్ళ సీసా ఇచ్చి పంపండి. ఖాళీ కడుపుతో పంపవద్దు. 10 గంటలకు కార్యక్రమం ముగుస్తుంది. నాలుగో తరగతి లోపు పిల్లలను ఇంటికి తీసుకువెళ్ళడానికి పెద్దవారు ఎవరైనా తప్పక రావాలి. వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజు గ్రంథాలయం తెరవరు, ఆ సంగతి ముందురోజు సాయంత్రం తరగతి ఉపాధ్యాయులు ఫోనులో తెలియజేస్తారు. పుస్తకం చినిగినా, తడిసినా జరిమానా లేదు. చినుగుతుందనే భయంతో పుస్తకాన్ని పిల్లలకు అందకుండా బీరువా మీద పెట్టవద్దని మరీ మరీ కోరుతున్నాను. మీ ఇంట్లో పిల్లలు చదివేసిన కథల పుస్తకాలు, పాత బాలల పత్రికలు ఉంటే గ్రంథాలయానికి ఇవ్వండి. తెలుగువైనా ఒడియావైనా సంతోషంగా తీసుకుంటారు.

ఈ లేఖతో జతచేసిన అంగీకార పత్రంలో విద్యార్థి పేరు, తరగతి రాసి, సంతకం చేసి, సెలవులు ఇచ్చేలోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయగలరు. సంతకం చేయడం రానివారు వేలిముద్ర వేసినా సరిపోతుంది. ఉదయం పూట కథలు చదివి వినిపించడానికి వీలున్న తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు తమకు అనువైన రోజును అదే పత్రంలో కింద రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ విశ్వసనీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు