స్టార్ ట్రెక్ అర ఎందుకు ఖాళీగా ఉందంటే

నా సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపులో పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లన్నీ అమ్మకానికీ అద్దెకీ ఒకచోట పెడతానని, స్టార్ ట్రెక్, స్టార్ వార్స్ నవలలు కూడా వరసగా దొరుకుతాయని మన వాట్సాప్ గ్రూపులో చాటింపు వేశాను కదా. పెట్టలేదు, ఇప్పట్లో పెట్టను కూడా. గాజువాక నుంచి, ఉక్కునగరం నుంచి బస్సెక్కి వచ్చి ఖాళీ అర చూసి వెళ్లినవాళ్లున్నారు, అందుకని జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాకు సరుకు పంపే చెన్నై డీలర్ ఒకాయన ఉన్నాడు, పేరెందుకులెండి. పాత స్టార్ ట్రెక్ నవలలు, టిమోతీ జాన్ రాసిన స్టార్ వార్స్ నవలలు థ్రాన్ మూడు భాగాలు, టార్గెట్ అనే పబ్లిషర్ వేసిన బ్రిటిష్ టీవీ సీరియల్ డాక్టర్ హూ చిన్న పుస్తకాలు కలిపి మంచి లాట్ తగిలిందన్నాడు, అడ్వాన్స్ పంపాను. గోతాలు విప్పితే థ్రాన్‌లో మొదటి భాగం ఒకటి, మూడోది రెండు కాపీలు, రెండోది లేనే లేదు. తూకం సరుకులో ఇలాంటివి మామూలే, దానికి ఇంత రాయక్కర్లేదు. స్టార్ ట్రెక్ కట్టల్లో మాత్రం సగానికి పైగా పుస్తకాలకి ముందు అట్ట లేదు. వాడి వాడి ఊడినవి కావు, పనిగట్టుకుని చింపినవి.

ఇది తెలియనివాళ్ల కోసం చెప్తాను. అమెరికాలో పేపర్‌బ్యాక్ అమ్ముడుపోకపోతే షాపువాడు పుస్తకం మొత్తం వెనక్కి పంపడు, రవాణా దండగని అట్ట మాత్రం చింపి పబ్లిషర్‌కి పంపి తన డబ్బు రాబట్టుకుంటాడు. మిగిలినది కాగితపు గుజ్జుకి పోవాలి. అలా పోకుండా దొడ్డిదారిన బయటికొచ్చినవే ఇవి. వీటిలో కొన్నిటికి కాపీరైట్ పేజీలోనే హెచ్చరిక ఉంది: అట్ట లేకుండా కొన్నారంటే ఇది దొంగసొత్తు, నాశనం చేసినట్టు లెక్క చూపించారు, రచయితకీ పబ్లిషర్‌కీ పైసా రాలేదు అని.

డీలర్‌కి ఫోన్ చేస్తే, "టీవీ సీరియల్ పుస్తకాలే కదా సార్, చదివి పారేసేవాటికి అట్ట ఎందుకు" అన్నాడు. డబ్బు ఇరుక్కుపోయినందుకు కన్నా ఈ మాటకే నాకు ఎక్కువ మండింది. స్టార్ ట్రెక్‌లో ఓడ నడిపే సూలూకి హికారు అనే పేరు ఆ టీవీ సీరియల్లో లేదండీ. 1981లో వోండా మెకింటైర్ 'ది ఎంట్రపీ ఎఫెక్ట్' నవలలో పెట్టింది, పదేళ్ల తర్వాత 1991 స్టార్ ట్రెక్ సినిమాలో అదే పేరు తెర మీదికెక్కింది. స్టార్ వార్స్ మొదటి నవల సినిమా కంటే ముందే, 1976 చివర్లోనే వచ్చేసింది, అట్ట మీద పేరు జార్జ్ లూకాస్‌ది, రాసింది అలాన్ డీన్ ఫోస్టర్. 'ఫెంటాస్టిక్ వాయేజ్' అయితే అసిమోవ్ సినిమా స్క్రిప్టు చూసి రాసిందే, కానీ 1966లో సినిమా కన్నా పుస్తకం ముందు రావడంతో సినిమానే పుస్తకంలోంచి తీశారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అన్నీ ఆణిముత్యాలని నేననను. ఫోస్టర్‌దే 1978 నాటి స్టార్ వార్స్ నవల 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' ఇప్పుడు మళ్లీ చదివితే ల్యూక్, లియా ఒకరినొకరు చూసుకునే చూపులు మహా ఇబ్బందిగా ఉంటాయి, వాళ్లు కవలలని తేలింది 1983 సినిమాలో కదా! నాకైతే ఆ ఇబ్బందే సరదా.

ఇక ఈ అట్టల్లేనివాటిని ఏం చేయాలన్నదాని మీద నిద్ర లేకుండా ఆలోచించాను. ఇరవై రూపాయలకి పెట్టినా రెండు ఆదివారాల్లో ఖాళీ అయిపోతాయి. యూనివర్సిటీ పిల్లలు, జేబులో ఉన్నదంతా లెక్కపెట్టుకుని కొనేవాళ్లు, వాళ్లకి ఇంతకంటే చవగ్గా ఎక్కడా దొరకవు, అదే నన్ను బాగా పీకింది. కలర్ జిరాక్స్ తీసి అట్టలు అంటించేద్దామన్నాడు మా షాపు కుర్రాడు. పోర్టులో రిటైరైన మాస్టారొకరు ఇంకో అడుగు ముందుకేసి, "నువ్వు అమ్మేది సెకండ్ హ్యాండ్, నీ దగ్గర ఏది కొన్నా రచయితకి పైసా పోదు, మరి ఈ మడి ఎందుకు?" అన్నారు. గట్టిగానే తగిలింది. నాకు తోచిన తేడా ఒకటే: ఎవరో ఒకరు డబ్బిచ్చి కొన్న పుస్తకం తర్వాత ఎన్ని చేతులు మారినా మారనీ, ఇది మాత్రం ముక్కలు చేశామని చెప్పి డబ్బు తీసుకుని చాటుగా అమ్మిన సరుకు. మాస్టారు ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. మొండితనం అనుకుంటే అనుకోండి, అట్టలేనివన్నీ తిరుగు రవాణా నా జేబులోంచి పెట్టుకుని పంపించేశాను. అడ్వాన్స్ ఇంకా రాలేదు, అది నా తలనొప్పి, మీ మీద వేయను. పుస్తకాల అద్దె పెరగదు, డిపాజిట్ పెరగదు. స్టార్ ట్రెక్ సెట్ కోసం నాకు ముందుగా డబ్బిచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర వెనక్కి తీసుకోండి, ఫోన్‌పే కావాలన్నా సరే.

ఉన్నవాటి సంగతి. అసిమోవ్ ఫౌండేషన్ నవలలు ఏడూ ఉన్నాయి. 1951 నుంచి 53 దాకా వచ్చిన మూడూ ముందు చదవండి, తర్వాత 1982 నాటి 'ఫౌండేషన్స్ ఎడ్జ్'. కథ వరసలో ముందుందని 1988 నాటి 'ప్రిల్యూడ్'తో మొదలెడతానంటే ఇస్తాను గానీ, మనసొప్పదు. ఫ్రాంక్ హెర్బర్ట్ డ్యూన్ ఆరు భాగాలున్నాయి, ఆఖరిదానికి టేపు వేసి ఉంది. ఆర్థర్ క్లార్క్ నవలలు '2001', '2010' జంటగానే అద్దెకిస్తాను. మొదటి నవలలో ఓడ శనిగ్రహానికి పోతుంది, రెండోదానిలో గురుగ్రహం దగ్గరికి వెళ్లిందన్నట్టు కథ నడుస్తుంది, ఎందుకంటే 1982లో రెండోది రాసేటప్పుడు క్లార్క్ తన మొదటి నవలని వదిలి '2001' సినిమాలో ఉన్నట్టు రాశాడు. మధ్యలో భాగం ఏదో దాచేశానని నాతో గొడవకి రావొద్దు, ఇప్పటికే ఒకరు వచ్చారు.

థ్రాన్ రెండో భాగం, 'డార్క్ ఫోర్స్ రైజింగ్', మీ ఇంట్లో పడి ఉంటే ధర మీరే చెప్పండి, బేరమాడను. అది దొరికేదాకా మొదటిదీ మూడోదీ కౌంటర్ వెనకే ఉంటాయి. విడిగా ఇవ్వమని అడగొద్దు, ఇవ్వను.