పదకొండో మెయిల్ ఇది, ఈసారైనా మనిషన్నవాళ్ళు చదవండి

కస్టమర్ కేర్ వారికి, వాళ్ళ పైవాళ్ళకి, ఆ పైన ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ,

అయ్యా,

మీరు నాకు పది సార్లు "డియర్ వాల్యూడ్ కస్టమర్" అని రాశారు కాబట్టి నేనూ మర్యాదగానే మొదలుపెడతాను, ఎంతసేపు ఉంటుందో చూద్దాం. నెల్లూరు నుంచి రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను, పెళ్ళి రిసెప్షన్లకి, తిరునాళ్ళకి, ఆదివారం పొద్దున చర్చిలో. తొమ్మిదేళ్ళుగా ఆన్‌లైన్‌లో మీ దగ్గరే కొంటున్నా. కేబుళ్ళు, ఒక యాంప్, మా కీబోర్డు అన్నకి స్టాండు, మా అబ్బాయి మొదటి గిటారు, అన్నీ మీవే. ట్రంక్ రోడ్డులో కొట్టు ఉంది కదరా అని మా వాళ్ళంటే "ఊరుకోండి, వీళ్ళు నమ్మకమైనవాళ్ళు" అని మీ తరఫున వాదించిన తెలివైనవాణ్ణి నేనే.

మీరు పంపిన బేస్ తీగ తెగింది. తీగన్నాక తెగుతుంది, దానికి నేను ఎవరినీ తిట్టను. నా గొడవంతా ఆ తర్వాత నెలా పదకొండు రోజులు మీరు నన్ను ఆడించిన ఆట గురించి.

అసలు ఆర్డర్ పెట్టకముందే అడిగానండీ. ఎడమ మణికట్టు నొప్పి పట్టి, చెయ్యి అంతలా చాపొద్దని డాక్టరు చెప్పాక, పోయినేడు నా 34 అంగుళాల పాత బేస్ గోడకి తగిలించేసి 30 అంగుళాల షార్ట్ స్కేల్ కొన్నా, అంటే తీగ మోగే పొడవు తక్కువున్న పొట్టి బేస్. అదీ మీ దగ్గరే, గుర్తుందో లేదో. దానితో వచ్చిన తీగలు మొద్దుబారితే కొత్తవి చూస్తున్నా. మీ పేజీలో తీగల మందం రాశారు, రంగు రాశారు, డబ్బా బరువు కూడా రాశారు, ఎంత పొడవు బేస్‌కి వస్తాయో మాత్రం రాయలేదు. అందుకని చాట్‌లో అడిగా, ఇవి 30 అంగుళాల స్కేల్‌కి సరిపోతాయా అని. రెండు నిమిషాల్లో జవాబు: "ఎస్ సార్, అన్ని బేస్ గిటార్లకీ సరిపోతాయి." స్క్రీన్‌షాట్ ఉంది. పది మెయిళ్ళకీ జత చేశా, దీనికీ చేస్తున్నా.

వచ్చినవి పొడుగు బేస్‌వి. ఎక్కువైతే కత్తిరించుకోవచ్చు కదా సార్ అని మీ వాళ్ళు ముగ్గురు నాకు పాఠం చెప్పారు కాబట్టి ఒక్కసారి చెప్తా. లావు తీగ కొస దగ్గర సన్నబడుతుంది, ఆ సన్నటి భాగమే ట్యూనింగ్ కీకి, అంటే తీగ బిగించే మరకి, చుట్టుకోవాలి. పొడుగు బేస్ తీగని పొట్టి బేస్‌కి వేస్తే సన్నబడే చోటు కీ దాటి అవతలికి పోతుంది, లావు భాగమే కీ చుట్టూ మెలి తిరగాల్సి వస్తుంది. అక్కడ పైచుట్టు విచ్చుకుని శబ్దం దుప్పటి కప్పినట్టు అవుతుంది, ఆ తర్వాత ఒకరోజు టప్ మంటుంది. వేసేటప్పుడే అనుమానం వచ్చింది నాకు, కానీ మీ "ఎస్ సార్" ఉంది, మర్నాడు ప్రోగ్రాం ఉంది. కావలిలో రిసెప్షన్ స్టేజీ మీద, రెండో పాట మధ్యలో, సరిగ్గా కీ దగ్గరే తెగింది. కీబోర్డు అన్న ఎడమ చేత్తో బేస్ లాగించి పరువు కాపాడాడు. పెళ్ళివారు కనిపెట్టలేదు, వాళ్ళ ధ్యాస భోజనాల మీద ఉంది.

ఇక మీ మహానుభావుల గురించి. మొదటాయన, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని 26 నిమిషాలు వినిపించాక దొరికాడు. గిటార్ సైజు ఎంత సార్ అన్నాడు. 30 అంగుళాల స్కేల్ అన్నా. "అంటే మీడియమా సార్, లార్జా?" బేస్‌లో నిజంగానే 32 అంగుళాల మీడియం స్కేల్ అని ఒకటుంది, ఈయనకి తెలిసే అడుగుతున్నాడని ఒక్క క్షణం ఎంత సంతోషపడ్డానో! కాదు, ఆయన చొక్కాల లెక్కలో అడుగుతున్నాడు. షార్ట్ అంటే, షార్ట్ సైజు మా లిస్టులో లేదు సార్ అన్నాడు. మరి నాకు ఆ బేస్ అమ్మిందెవరు నాయనా?

రెండో అమ్మాయి ఫొటోలు పంపమంది. ఐదు పంపా. అవి అందలేదంది, మళ్ళీ ఐదు పంపా. అప్పుడు, డబ్బా విప్పుతూ తీసిన వీడియో కావాలంది. తీగల పొట్లం విప్పుతూ వీడియో తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదమ్మా అన్నా. మూడో ఆయన ఇంకా పై మెట్టు, "30 అంగుళాలంటే పిల్లల గిటారేమో సార్, మీరు పొరపాటున కొన్నట్టున్నారు" అన్నాడు. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్నీ వాయించిన వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కూడా 30 అంగుళాలదే. ఆయనా పొరపాటున కొనుక్కున్నట్టున్నాడు పాపం.

తర్వాత మీ దయ వల్ల బదులు తీగలొచ్చాయి. విప్పితే ఆరు. అకూస్టిక్ గిటార్‌వి, సన్నటివి. నా బేస్‌కి ఉన్నవి నాలుగు తీగలు, ఆ ఆరూ ఏం చేసుకోను, దండెం కట్టుకుని బట్టలారేసుకోనా? తెచ్చిన కొరియర్ కుర్రాడు పొట్లం మీది బొమ్మ చూసి, "ఇది నీ గిటార్ది కాదు కదన్నా, మళ్ళీ తప్పే పంపారా?" అన్నాడు. మీ కంపెనీ మొత్తం మీద విషయం అర్థమైంది అతనికొక్కడికే, అతనేమో మీ మనిషి కూడా కాదు.

ఆ సాయంత్రమే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు? ఫోన్ చేస్తే రిటర్న్ గడువు ఏడు రోజులే, దాటిపోయింది సార్ అన్నారు. మూడో రోజే పెట్టానన్నా. అది క్లోజ్ అయింది సార్. ఎవరు క్లోజ్ చేశారు? సిస్టమ్ సార్. ఆ సిస్టమ్ గారిని ఒకసారి లైన్‌లోకి పిలవండి అన్నా. లైన్ కట్టయింది.

సూపర్‌వైజర్ 48 గంటల్లో ఫోన్ చేస్తారని మూడు సార్లు చెప్పారు. ఆ ఫోన్ కోసం స్నానానికి వెళ్ళినా సెల్లు పట్టుకెళ్ళా, మా ఆవిడ నవ్వుతోంది. మా ఊళ్ళో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నిలబడి ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని ఎవరి కోరికని బట్టి వాళ్ళు పట్టుకుంటారు. ఈసారి సూపర్‌వైజర్ ఫోన్ రొట్టె ఎవరన్నా వదులుతారేమో చూస్తా.

మొన్న ఇంకొకాయన, ఓదార్పుగా అనుకుంటా, "మీ ఏరియాలో ఈ ప్రొడక్ట్ ఎక్కువగా వాడరు సార్" అన్నాడు. అంటే నెల్లూరోడికి బేస్ ఎందుకనా? పొద్దున పినాకిని రైలెక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో దిగుతా, నాలుగు కొట్లు తిరిగి తీగలు చేత్తో పట్టుకుని కొలుచుకుని తెచ్చుకుంటా. అంత దూరం పోకుండా మిమ్మల్ని నమ్మడమే నా తప్పు.

ఇంకో మాట. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, తర్వాత జిల్లా కమిషన్. మా చిన్నాన్న కొడుకు లాయరు, ప్రస్తుతం ఖాళీగానే ఉన్నాడు. గూడూరు నుంచి ఒంగోలు దాకా ఆర్కెస్ట్రా వాళ్ళందరి వాట్సాప్ గ్రూపులో నేనున్నా, చర్చి బ్యాండ్ల గ్రూపు వేరే. మీ చాట్ స్క్రీన్‌షాట్ అక్కడికి ఇంకా పంపలేదు. తొమ్మిదేళ్ళ మొహమాటం అడ్డొస్తోంది, ఎక్కువ రోజులు అడ్డు రాదు.

దర్జీ టేపుతో కొలిచా, తీగ చివర గుండు దగ్గర్నుంచి నట్ దాకా, అంటే మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ దాకా, 31న్నర అంగుళాలు. కొసన చుట్టే రంగు దారం ఆ నట్ దాటాకే మొదలవ్వాలి, కీకి చేరేలోపే తీగ సన్నబడాలి. అలాంటి సెట్ పంపుతారో, నా 2,350 రూపాయలు ఇస్తారో మీ ఇష్టం. పేజీలో స్కేల్ పొడవు రాయండి, ఇంకొకడు నాలాగా స్టేజీ మీద బిక్కమొహం వేసుకుని నిలబడకుండా. డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ "ఎస్ సార్" అన్నది తప్పేనని మీలో ఒక్కరు, పేరున్న మనిషి, నాకు ఫోన్ చేసి చెప్పాలి. అది చెప్పకుండా కూపన్ పంపితే మాత్రం ఊరుకోను.

నా నంబర్ మీ దగ్గర పదకొండు చోట్ల ఉంది. సాయంత్రం ఆరు దాటాక చెయ్యొద్దు, రిహార్సల్‌లో ఉంటా, మూడు తీగలతో.

ఇట్లు,
మీరు మూడు సార్లు క్లోజ్ చేసిన కస్టమర్,
నెల్లూరు