మార్చి వార్తాలేఖ: స్ప్రింగు బండ్ల పోటీ గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

జాతీయ విజ్ఞాన దినోత్సవమైన ఫిబ్రవరి 28న మన బడిలో జరిగిన స్ప్రింగు బండ్ల (ఎలుకబోను స్ప్రింగుతో నడిచే బొమ్మబండ్ల) పోటీలో ఏడవ తరగతి అబ్బాయి వేలికి దెబ్బ తగిలిన సంగతి మీ అందరికీ తెలిసిందే. స్ప్రింగు బిగిస్తుండగా చెయ్యి జారి తీగ వేలి మీద పడింది, గోరు కింద రక్తం కమిలింది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఎముకకు ఏమీ కాలేదు, మర్నాడే అబ్బాయి బడికి వచ్చాడు. ఆ సమయంలో పక్కన ఉపాధ్యాయులు లేకపోవడం మా లోపమే, అందుకు ఆ కుటుంబాన్ని క్షమాపణ కోరాను. అయితే వాట్సాప్ గ్రూపులో కొందరు కోరినట్టు పోటీనే ఎత్తివేయడానికి మాత్రం నేను సమ్మతించలేను.

చెక్కపలక మీద తీగ బిగించిన ఎలుకబోనుకు 15 సెంటీమీటర్ల వెదురుపుల్ల కట్టి, దాని కొసన ఉన్న దారాన్ని వెనుక ఇరుసుకు చుడితే అదే ఇంజను. పాత సీడీలే చక్రాలు. వదలగానే పుల్ల అర్ధవలయంగా తిరిగి సుమారు 30 సెంటీమీటర్ల దారాన్ని లాగుతుంది. 3 మిల్లీమీటర్ల మందపు ఇరుసు దానితో 32 చుట్లు తిరుగుతుందని, 12 సెంటీమీటర్ల సీడీ చుట్టుకు దాదాపు 38 సెంటీమీటర్లు దొర్లుతుందని, కాబట్టి బండి 12 మీటర్లు పోవాలని ఎనిమిదవ తరగతి అమ్మాయి ముందుగానే బోర్డు మీద లెక్క కట్టింది. బండి తొమ్మిది మీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, ఎవరినీ అడగలేదు. నేల మీద బోర్లా పడుకుని చూసి, నున్నటి టైల్సు మీద చక్రం జారుతోందని కనిపెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలు కోసి సీడీల అంచుకు అంటించింది. రెండోసారి బండి 12 మీటర్ల గీత దాటింది. ఇంకో అబ్బాయి బండి ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చేది. దారాన్ని ఇరుసుకు ముడి వేయకూడదని, చివర ఊడివచ్చేలా కొక్కేనికి తగిలించాలని వాడంతట వాడే తెలుసుకున్నాడు. ఈ ఇద్దరి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంతో వెనక్కి లాగుతుందని 1678లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమాన్ని మన పిల్లలు తప్పు లేకుండా రాయగలరు. రాస్తే చాలదు. తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసుకున్న తరం మనది. చక్రం ఎందుకు వంకరపోతుందో, ఇరుసు ఎక్కడ ఒరుసుకుంటుందో మనకు చేతులే నేర్పాయి. ఆ చదువు మన పిల్లలకు దక్కకుండా పోతుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

ఇక్కడ ఒక విన్నపం. మీ ఆపేక్షను తప్పుపట్టడం లేదు. కానీ రంగులద్ది, స్టిక్కర్లు వేసి, ఎంతో ముచ్చటగా వచ్చిన కొన్ని బండ్లకు దారం ఎటువైపు చుట్టాలో వాటిని తెచ్చిన పిల్లలకే తెలియదు. రాత్రి పదకొండింటికి బండి పూర్తి చేస్తున్నది ఎవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. దయచేసి ఆ జిగురు సీసా పిల్లల చేతికి ఇవ్వండి.

ఒంటిపూట బడుల వేళలు, ఫీజు గడువు డైరీలో రాసి పంపాము, చూడగలరు.

ఇకపై ఏడవ తరగతి వరకు స్ప్రింగును ఉపాధ్యాయులే పట్టకారుతో బిగిస్తారు. పై తరగతుల వారు రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని ఉపాధ్యాయుల ఎదుటే బిగించాలి. వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు వరండాలో పోటీ మళ్ళీ జరుగుతుంది. దెబ్బ తగిలిన అబ్బాయి బండి ఆ రోజు పరుగెత్తనే లేదు, కాబట్టి మొదట వదిలేది అతని బండినే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు